గ్రూపులో అందరినీ ఎగతాళి చేసే పాత సభ్యుణ్ణి ఏం చేయాలి?

ప్రశ్న: నార్పల చీనీ రైతు

అందరికీ నమస్కారం. అనంతపురం జిల్లాలో చీనీ (బత్తాయి) సాగు చేసే రైతుల కోసం ఆరేళ్లుగా నేను ఒక వాట్సాప్ గ్రూపు నడుపుతున్నాను. నార్పల, గార్లదిన్నె, పుట్లూరు, యల్లనూరు, తాడిపత్రి మండలాల వారే అందులో ఎక్కువ. ఈ రోజు మండీలో టన్ను ఎంత పలికింది, సూట్ (తరుగు) పేరుతో ఎన్ని కిలోలు కోశారు, రంగపూర్ నిమ్మ మీద కట్టిన అంట్లు ఏ నర్సరీలో దొరుకుతున్నాయి, కాయకు మంగు పడితే ఏం చల్లాలి అన్నవే మా మాటలు. మొదట్లో 256 మందికి మించి చేర్చుకునే వీలు లేదు కనుక అందరూ ముఖపరిచయం ఉన్నవారే ఉండేవారు. 2022లో ఆ హద్దు 1024కు పెరిగాక మేమూ ఏడు వందలు దాటాము. వారిలో సగం మందిని నేను ఎప్పుడూ చూసి ఎరుగను.

అయితే నా బాధ ఆ ముఖం తెలియని వారితో కాదు. గ్రూపు పుట్టిన రోజు నుంచి ఉన్న ఒక పెద్దాయనతో. ఆయన ముప్పై ఏళ్లుగా చీనీ పండిస్తున్నారు. ఆకు ఫొటో చూసి జింకు లోపమా, వేరు దెబ్బతిన్నదా అన్నది చెప్పగలరు. ఆయన మాట విని చెట్లు నిలబెట్టుకున్న వారు గ్రూపులో ఎందరో ఉన్నారు, వారిలో నేనూ ఒకణ్ణి. కానీ కొత్తవారు ఏదైనా అడిగితే చాలు, ఎగతాళికి దిగుతారు. ఎదుటివారు నొచ్చుకుని బదులు చెప్పేదాకా కెలుకుతూనే ఉంటారు. ఆయన మొదలుపెడితే నవ్వు బొమ్మలు పెట్టడానికి పది మంది సిద్ధంగా ఉంటారు.

మొన్న వానలప్పుడు ఒక అమ్మాయి ఒక ఫొటో పెట్టింది. ఆమె భర్త గల్ఫ్‌లో ఉంటే మూడెకరాల తోట తానే చూసుకుంటోంది. అంటు కట్టిన చోటికి జానెడు పైన బెరడు నిలువునా పగిలి, దానిలోంచి బంక కారి తేనె రంగులో గడ్డకట్టి ఉంది. ఎక్కడ చూడాలో తెలియడానికి ఆమె తన చూపుడు వేలు పక్కన పెట్టింది. దీనికి ఏం చేయాలని ఒక్క వాక్యంలో అడిగింది. ఈయన వెంటనే "ఫోన్ చేతిలో ఉన్నంత మాత్రాన సేద్యం వస్తుందా, ముందు ఇంట్లో మొగవాళ్లను అడుగు" అని పెట్టారు. కింద నవ్వు బొమ్మలు వరుసగా పడ్డాయి. ఇద్దరు ఆయనను తప్పు పట్టారు, నలుగురు ఆయనను వెనకేసుకొచ్చారు. రాత్రి పదకొండు దాకా పెద్దరికం గురించి, మర్యాద గురించి వాదనలు నడిచాయి. తెల్లవారి చూస్తే ఆ అమ్మాయి గ్రూపులో లేదు.

ఎవరైనా గ్రూపు వదిలితే ఇప్పుడు ఆ సంగతి అడ్మిన్లకు మాత్రమే తెలుస్తుంది, గడిచిన అరవై రోజుల్లో వెళ్లిపోయిన వారి జాబితా కూడా చూడవచ్చు. నేను ఆ రోజు మొదటిసారి ఆ జాబితా తెరిచాను. ఇరవై ముగ్గురు ఉన్నారు. వారిలో ఆరుగురికి ఫోన్ చేస్తే నలుగురు దాదాపు ఒకే మాట చెప్పారు, ఏదైనా అడగాలంటే భయంగా ఉందని.

ఆయనను తీసేయడం నాకు అంత సులభం కాదు. మా ఇంటివైపు దూరపు చుట్టరికం ఉంది. పెళ్లిళ్లలో, కర్మాంతరాల్లో ఎదురుపడవలసినవాళ్లం. పైగా మాది ఒక పార్టీ, వారిది ఇంకొకటి అని ఊళ్లో అందరికీ తెలుసు. నేను ఏం చేసినా అది పార్టీ లెక్కలోనే పడుతుంది. ఇలాంటి స్థితి ఎదుర్కొన్నవారు ఎలా నెట్టుకొచ్చారో వివరంగా చెప్పండి. అడ్మిన్‌గా చట్టం నుంచి నాకేమైనా చిక్కు ఉందా అన్నది కూడా తెలిసినవారు చెబితే మేలు.

జవాబు: కర్నూలు, పోటీ పరీక్షల టెలిగ్రామ్ గ్రూపు నిర్వాహకుడు

అన్నా, మా గ్రూపు స్వభావం వేరు. టెలిగ్రామ్‌లో రెండు లక్షల మంది దాకా ఒకే గ్రూపులో ఉండవచ్చు, ఫోన్ నంబరు ఎదుటివారికి కనిపించకుండా దాచుకోవచ్చు. అందువల్ల మాకు చుట్టరికం చిక్కు లేదు గానీ, ముసుగు వేసుకున్న వారితో వేగాలి. 2025లో 16,347 పోస్టులకు మెగా డీఎస్సీ వచ్చినప్పుడు, పరీక్షలు వాయిదా పడ్డాయని రోజుకొక తప్పుడు నోటీసు తయారు చేసి పెట్టేవారు. ఏడేళ్ల తర్వాత వచ్చిన అవకాశం కోసం కొండారెడ్డి బురుజు పక్క వీధుల్లో గదులు అద్దెకు తీసుకుని చదువుతున్న పిల్లలు ఆ ఒక్క బొమ్మ చూసి వణికిపోయేవారు. అది చూసి ఆనందించడానికే పెట్టేవారు ఉంటారని నేను మొదట్లో నమ్మలేకపోయాను.

ఇలా కావాలని ఉడికించడాన్ని ట్రోలింగ్ అంటారు కదా, ఆ మాట చేపల వేట నుంచి వచ్చిందని చదివాను. కదులుతున్న పడవ వెనక ఎర కట్టిన గాలం లాక్కుంటూ పోవడం దాని అర్థమట. 1990ల మొదట్లో యూజ్‌నెట్ అనే పాత ఇంటర్నెట్ చర్చావేదికలో పాతవారు కొత్తవారిని ఉడికించడానికి వాడిన ఈ మాట, తర్వాత అన్నిచోట్లకూ పాకింది. గాలం అని తెలిశాక నేను నేర్చుకున్నది ఒక్కటే, ఎరను కొరకకూడదు. మీ గ్రూపులో ఆ రాత్రి పదకొండు దాకా సాగిన వాదన అంతా ఆ పెద్దాయనకు విందు భోజనం. ఆయనను తప్పు పట్టిన ఇద్దరూ మంచి మనసుతోనే రాశారు, కానీ వారి మాటలే గొడవను పొడిగించాయి.

మేము చేసేది చెబుతాను. సందేశం హద్దు దాటితే వాదించకుండా తీసేస్తాము. ఎందుకు తీశామో ఒక్క వాక్యంలో ఆ వ్యక్తికి విడిగా రాస్తాము. వేడి పెరిగిన రోజు స్లో మోడ్ పెడతాము. అప్పుడు ఒక్కొక్కరు ఒక సందేశం పెట్టాక మరొకటి పెట్టడానికి ఆగాలి, ఆ వ్యవధి కొన్ని సెకన్ల నుంచి గంట దాకా మనమే నిర్ణయించవచ్చు. పదిహేను నిమిషాలు పెడితే చాలు, మా అనుభవంలో సగం గొడవ చల్లారిపోతుంది. ఏ అడ్మిన్ ఏం తీశాడన్నది టెలిగ్రామ్ నలభై ఎనిమిది గంటల పాటే చూపిస్తుంది కనుక, మేము వేరే ఒక నోటు పుస్తకంలో తేదీ, సందేశం, కారణం రాసి ఉంచుతాము. రేపు ఎవరైనా "మావాడినే ఎందుకు తీశారు" అని నిలదీస్తే ఆ పుస్తకమే మాకు అండ. వాట్సాప్‌లో కూడా 2022 నుంచి అడ్మిన్ ఎవరి సందేశాన్నైనా అందరికీ కనిపించకుండా తీసేయవచ్చు, తీసినది అడ్మిన్ అని అక్కడ కనిపిస్తుంది కూడా. పార్టీ అనుమానం గురించి మీరు రాశారు కదా. అడ్మిన్ ఒక్కరే ఉన్నంతకాలం ఆ అనుమానం పోదు. మీకు పడని పార్టీ మనిషినే, అందరూ గౌరవించేవాణ్ణి, రెండో అడ్మిన్‌గా పెట్టుకోండి.

జవాబు: కడప, పఠన బృందం నిర్వాహకురాలు

కర్నూలు తమ్ముడు చెప్పిన వాటిలో చాలా వరకు ఒప్పుకుంటాను. ఒక్క చోట మాత్రం నా అనుభవం వేరు. ఎరను కొరకవద్దు, మౌనంగా తీసేయండి అన్నది ముసుగు మనుషుల విషయంలో సరిపోతుంది. అందరికీ తెలిసిన మనిషి అందరి ముందూ ఒక ఆడపిల్లను అవమానించినప్పుడు అడ్మిన్ కూడా మౌనంగా ఉంటే, ఆమెకు అది మౌనంలా వినిపించదు. పెద్దలందరూ దానికి ఒప్పుకున్నట్టే వినిపిస్తుంది.

నేను బడిలో తెలుగు చెప్పి రిటైరయ్యాను. సి.పి. బ్రౌన్ గ్రంథాలయానికి వచ్చిపోయే కొందరు ఆడవాళ్లతో కలిసి, వారానికొక కథ చదివి మాట్లాడుకునే చిన్న గ్రూపు పెట్టుకున్నాము. తర్వాత కోస్తా నుంచి, తెలంగాణ నుంచి కూడా చేరారు. ఒక రోజు ప్రొద్దుటూరు దగ్గరి సభ్యురాలు ఒకామె "నేనూ అదే అనుకుంటాండాను" అని మొదలుపెట్టి ఆ వారం కథలోని తల్లి గురించి ఏదో రాయబోయింది. ఎవరో ఆ "అనుకుంటాండాను" అన్న మాటను పట్టుకుని అక్షరాలు సాగదీసి రాశారు. ఇంకొకరు, కడప వాళ్లతో జాగ్రత్త, వేటకొడవళ్లతో వస్తారని అన్నారు. మా సీమ మనుషులకు ఈ రెండు ఎగతాళులూ పుట్టినప్పటి నుంచీ తెలిసినవే, అయినా ప్రతిసారీ కొత్తగానే గుచ్చుకుంటాయి. ఆమె ఆ వాక్యాన్ని పూర్తి చేయలేదు.

నేను ఆ రెండు సందేశాలను తీసేసి, "యాసను వెక్కిరించిన సందేశాలు తీసేశాను, ఇక్కడ ఎవరి మాట వారిదే" అని రాశాను. అక్కడితో ఆగి ఉంటే చర్చ అంతా యాస మీదికి మళ్లేది. అందుకే వెంటనే ఆమె పేరు పెట్టి, "అమ్మా, తల్లి పాత్ర గురించి మీరు ఏదో చెప్పబోయారు, అది వినాలని ఉంది" అని అడిగాను. గంట తర్వాత ఆమె రాసిన నాలుగు వాక్యాలు ఆ వారం చర్చకంతా ప్రాణం పోశాయి. నేను నేర్చుకున్నది ఇది. ఎగతాళి చేసేవాడు చేసే మొదటి నష్టం అవమానం. రెండో నష్టం, ఆ మనిషి చెప్పబోయిన మాట మధ్యలో తెగిపోవడం. మొదటిదాన్ని మనం పూర్తిగా తుడవలేము. రెండోదాన్ని మాత్రం అప్పటికప్పుడే సరిచేయవచ్చు.

నార్పల అన్నగారూ, మీ ప్రశ్నను రెండుసార్లు చదివాను. ఆ రాత్రి ఏడు వందల మందిలో ఎవరైనా ఆ అమ్మాయి చెట్టుకు ఏం చేయాలో చెప్పారా? మీరు రాసిన దానిలో అది కనిపించలేదు. మర్యాద మీద గంటల కొద్దీ మాట్లాడిన వారిలో ఒక్కరైనా బంక కారుతున్న బెరడు సంగతి ఎత్తి ఉంటే ఆమె ఉండిపోయేదేమో. ముందు ఆమె అడిగినదానికి జవాబు చెప్పండి, ఆలస్యమైనా సరే.

ఇంకొక్క మాట. ఎగతాళి చేసేవారంతా పుట్టుకతోనే దుర్మార్గులని నేను అనుకోను. స్టాన్‌ఫర్డ్, కార్నెల్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు 2017లో ప్రచురించిన ఒక ప్రయోగంలో, మామూలు మనుషులనే తీసుకుని కొందరికి కష్టమైన పరీక్ష పెట్టి మనసు చికాకు పరిచారు. ఆ తర్వాత వ్యాఖ్య రాయమని ఒక వార్త ఇచ్చి, కొందరికి దాని కింద ముందే దురుసు వ్యాఖ్యలు కనిపించేలా చేశారు. చికాకూ లేక, దురుసు మాటలూ కనిపించని చోట ట్రోలింగ్ అనదగ్గ వ్యాఖ్యలు 35 శాతం ఉంటే, రెండూ కలిసిన చోట 68 శాతానికి పెరిగాయి. మీ గ్రూపులో నవ్వు బొమ్మలు పెట్టే పది మంది గురించి నాకు దిగులు కలుగుతున్నది అందుకే. మొదటి మాట అక్కడ అలాగే నిలిచి ఉంటే, రేపు ఆ పది మందిలో ఎవరో ఒకరు తామే మొదలుపెడతారు.

నియమాలు రాసుకుంటే తక్కువ రాసుకోండి, కానీ మీవారికీ అవే వర్తించాలి. మా గ్రూపులో నియమం తప్పి మొదట సందేశం పోగొట్టుకున్నది నా చిన్ననాటి స్నేహితురాలు. రెండు నెలలు నాతో మాట్లాడలేదు. కానీ ఆ రోజు నుంచి ఎవరూ నన్ను పక్షపాతి అనలేదు.

జవాబు: అనంతపురం, న్యాయవాది

చట్టం సంగతి అడిగారు కనుక అంతవరకే చెబుతాను. సభ్యుడు పెట్టిన సందేశానికి అడ్మిన్ అయినందువల్లనే నేరబాధ్యత రాదని బొంబాయి హైకోర్టు నాగపూర్ ధర్మాసనం 2021లో, కేరళ హైకోర్టు 2022లో స్పష్టంగా చెప్పాయి. అడ్మిన్ తానే పురిగొల్పినా, కలిసి పథకం వేసినా మాత్రం ఆ రక్షణ ఉండదు. మీ గ్రూపు ఒక ప్రైవేటు బృందం కనుక, మర్యాద పాటించని వ్యక్తిని తీసేయడం మీ చేతిలో ఉన్న పని.

ఇబ్బంది కలిగించే సందేశం పెడితే 66ఏ కింద లోపల వేయిస్తామని ఇప్పటికీ కొందరు బెదిరిస్తుంటారు. ఐటీ చట్టంలోని ఆ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015 మార్చి 24న కొట్టివేసింది. ఎగతాళి దానంతట అదే నేరం కాదు, దాన్ని మీ గ్రూపు నియమాలతోనే సరిదిద్దుకోవాలి. కానీ స్త్రీ గౌరవాన్ని భంగపరచాలన్న ఉద్దేశంతో మాట్లాడితే భారతీయ న్యాయ సంహితలోని 79వ సెక్షన్, వద్దన్నా వెంటపడి సందేశాలు పెడుతుంటే 78, ప్రాణానికో ఆస్తికో హాని చేస్తామని బెదిరిస్తే 351, అశ్లీల చిత్రాలు పంపితే ఐటీ చట్టం 67 వర్తించే అవకాశం ఉంది. అప్పుడు అది గ్రూపు పంచాయితీ కాదు. బాధితురాలు పోలీసులకు గానీ, జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌కు గానీ ఫిర్యాదు చేయాలి. 1930 నంబరు ముఖ్యంగా డబ్బు మోసాలకు ఉద్దేశించినది.

ఒక జాగ్రత్త తప్పనిసరి. తీవ్రమైన సందేశాన్ని కంగారులో తీసేయకండి. నంబరు, తేదీ, సమయం కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసి, చాట్‌ను ఎక్స్‌పోర్ట్ చేసి దాచాక తీసేయండి. అది ఉన్న ఫోన్‌ను కూడా భద్రపరచండి, ఎందుకంటే ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియమంలోని 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం ఇవ్వవలసి వస్తుంది. అలాగే ఆ పెద్దమనిషి సందేశాల స్క్రీన్‌షాట్లను వేరే గ్రూపుల్లో తిప్పి ఆయన పరువు తీయాలని ఎవరూ చూడవద్దు. అది మీ మీదికే తిరగవచ్చు.

జవాబు: పోరుమామిళ్ల ఆయకట్టు రైతు

మాది 1369 నాటి శాసనం ఉన్న చెరువు. మా తాత కాలంలో నీరుగంటి ఉండేవాడు, ఎవరి మడికి ఎంతసేపు నీళ్లో తేల్చేవాడు. వంతు తప్పి గండి కొట్టినవాణ్ణి మొదటిసారి ఇంటికి వెళ్లి అడిగేవారు. రెండోసారి పది మందిలో అడిగేవారు. మూడోసారి ఒక వంతు నీళ్లు ఆపేవారు. అంతేగాని వాడి పొలాన్ని ఎండబెట్టేవారు కాదు. 2009లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ అందుకున్న ఎలినార్ ఆస్ట్రమ్ కూడా, ఉమ్మడి వనరులను తరాల తరబడి కాపాడుకున్న ఊళ్లలో శిక్ష మెట్టు మెట్టుగా పెరగడం చూశానని రాసింది. చుట్టరికం ఉంది కనుకే మీరు ఆయన ఇంటికి వెళ్లగలరు. ముందు వెళ్లిరండి.

ప్రశ్న అడిగినవారి బదులు: నార్పల చీనీ రైతు

అందరికీ దండాలు. నెల రోజుల తర్వాత రాస్తున్నాను, జరిగినది చెప్పడానికి.

కడప అక్క రాసినది చదివి నాకు తల కొట్టేసినట్టయింది. నిజమే, ఆ రాత్రి ఎవరమూ ఆ అమ్మాయికి జవాబు చెప్పలేదు, నేనూ చెప్పలేదు. నాకు ఆ తెగులు తెలుసు, నా తోటలోనే రెండు చెట్లకు వచ్చింది. మరునాడు ఆమెకు ఫోన్ చేశాను. బంకను, దెబ్బతిన్న బెరడును కత్తితో శుభ్రంగా గీకేసి, మైలుతుత్తం, సున్నం కలిపిన బోర్డో పేస్ట్ పూయమని, పాదులో పారే నీరు మొదలును తాకకుండా చుట్టూ ఇంకొక గట్టు కట్టి రెండు పాదుల పద్ధతిలో పెట్టమని చెప్పాను. అప్పటికి ఇరవై రోజులు దాటిపోయాయి. ఆ చెట్టు పక్కనున్న ఇంకో మూడింటికి కూడా బంక కనిపించిందని చెప్పింది.

తర్వాత పెద్దాయన తోటకు వెళ్లాను. ఫోన్‌లో మాట్లాడితే మాట మాట పెరుగుతుందని భయపడ్డాను. ఆయన గట్టు మీద కూర్చోబెట్టి, కాయ కోసి పెట్టి, నేను చెప్పేదంతా విన్నారు. వెళ్లిపోయిన ఇరవై ముగ్గురి లెక్క చెప్పాను. ఆ అమ్మాయి నాలుగు చెట్ల సంగతి చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "అదే ప్రశ్న వంద మంది అడుగుతారు, చెప్పి చెప్పి విసుగొచ్చింది, విసుగు అట్లా నోట్లోంచి వస్తాంది" అన్నారు. ఆయన అన్నదంతా సమర్థించలేను, కానీ విసుగు మాత్రం అబద్ధం కాదు. బంక, మంగు, ఎండు తెగులు, పిండినల్లి గురించి మాటిమాటికీ వచ్చే ప్రశ్నలకు ఆయన చేతనే జవాబులు చెప్పించి, ఆయన గొంతులోనే రికార్డు చేసుకున్నాను. వాటిని గ్రూపులో పిన్ చేశాము. పిన్ ముప్పై రోజులకు మించి నిలవదు కనుక నెలనెలా గుర్తుపెట్టుకుని మళ్లీ చేయాలి.

అవతలి పార్టీకి చెందిన గార్లదిన్నె రైతు ఒకరిని, ఒక మహిళా రైతును అడ్మిన్లుగా చేర్చుకున్నాము. ముగ్గురం కూర్చుని నాలుగు వాక్యాల నియమం రాశాము. అడిగినవారిని వెక్కిరించే సందేశం తీసేస్తాము. రెండోసారి అయితే ముగ్గురిలో ఒకరు ఫోన్ చేస్తారు. మూడోసారి నెల రోజులు గ్రూపు బయట ఉండాలి, నెల తిరిగాక అడిగితే తిరిగి చేర్చుకుంటాము. తీసినప్రతిదీ తేదీతో పుస్తకంలో ఉంటుంది, ఎవరైనా వచ్చి చూడవచ్చు.

పుస్తకంలో మొదటి పేరు ఆ పెద్దాయనది కాదు, మా మేనల్లుడిది. రెండోది పెద్దాయనదే. మూడో వారంలో మళ్లీ ఒక కుర్రవాణ్ణి ఏదో అన్నారు, గార్లదిన్నె ఆయన ఆ సందేశం తీసేశారు. పెద్దాయన నాలుగు రోజులు అలిగి మాట్లాడలేదు. ఐదో రోజు ఆ కుర్రవాడి ఫొటో కిందనే, ఏ మందు, లీటరు నీటికి ఎంత అన్నది పొందికగా రాసి పెట్టారు.

ఆ అమ్మాయిని అడిగి, ఆమె అనుమతితో ఆ పాత ఫొటోను గ్రూపులో మళ్లీ పెట్టి, జవాబంతా కింద రాశాము. పెద్దాయన దానికి, ఇంకో నెలకు బోర్డో పేస్ట్ మళ్లీ పూయాలని ఒక వాక్యం చేర్చారు. అది ఆమెకు చదివి వినిపించి, మళ్లీ గ్రూపులోకి వస్తావా అమ్మా అని అడిగాను. "కొన్నాళ్లు చూస్తాను సార్, అవసరమైతే మీకే ఫోన్ చేస్తాను" అంది. నిన్న సాయంత్రం ఫోన్ చేసింది, చెట్టు కొత్త చిగురు వేసిందని.